సోడియం మీద ఒక చార్జి

సృష్టి పుట్టిన నాటి నుంచీ పరమాణువుల ఆవేశాన్ని అదుపులో పెట్టే నాథుడు లేడన్న లోటును విద్యాశాఖ ఎట్టకేలకు తీర్చింది. ఇంతకాలం సోడియం తన ఎలక్ట్రాన్‌ను తోచినప్పుడల్లా వదిలించుకుంటూ, క్లోరిన్ ఎవరినీ అడగకుండా దాన్ని అందుకుంటూ, ఆపే దిక్కు లేక ఇద్దరూ కలిసి ఉప్పుగా మారిపోతూ వచ్చారు. ఏ పై అధికారి అయినా దీన్ని ఆమోదించినట్టు ఎక్కడా ఆధారాలు లేవు. ఈ అరాచకానికి తెర దించిన ఘనత ఎవరిదో చెప్పేముందు, శాఖవారి కన్ను అసలు ఆవేశం మీద ఎందుకు పడిందో చెప్పాలి.

పడింది ఒక స్టేప్లర్ వల్ల. ప్రధాన కార్యాలయంలో సెలవుల సెక్షన్ గుమాస్తాకు సెలవు కావలసి వచ్చింది. సెలవు మంజూరు చేయవలసింది ఆయనే కాబట్టి తనకు తానే దరఖాస్తు పెట్టుకున్నాడు. కారణం సరిపోలేదని తన దరఖాస్తును తానే వెనక్కి పంపుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ పంపుకున్నాడు, చివరికి తన మొండితనం తనకే భరించరానిదై స్టేప్లర్ తీసి గోడకేసి కొట్టాడు. (గోడ క్షేమం. స్టేప్లర్‌కు పదవీ విరమణ ఇచ్చారు.) విచారణ సంఘం కూర్చుని, శాఖలో ఆవేశం పెరిగిపోయిందని తేల్చింది. దరఖాస్తుల పద్ధతి మారిస్తే సరిపోతుందేమో అని సభ్యుడొకాయన అన్నాడట గానీ, ఆ గొంతులోనూ కొంచెం ఆవేశం వినపడటంతో ఆయన్ని బయట కూర్చోబెట్టారు.

అలా ఆవేశ నియంత్రణ విభాగం పుట్టింది. దానికొక డిప్యూటీ డైరెక్టరు, ఆయనకొక గది, గదికొక ఏసీ, ఏసీకొక స్టెబిలైజరు, అన్నిటికీ కలిపి ‘ప్రశాంతం’ అనే యాప్ వచ్చాయి. ఉద్యోగులందరూ పొద్దున్నే ఫోన్ ముందు ముఖం పెట్టి, ‘నాలో ఏ ఆవేశమూ లేదు’ అని చెప్పాలి. సున్నా చూపించి ఆకుపచ్చ దీపం వెలిగితేనే హాజరు పడుతుంది. మొదటిసారి చెప్పినప్పుడు యాప్ గొంతు గుర్తుపట్టదు. రెండోసారి ముఖం గుర్తుపట్టదు. తర్వాత రెండింటినీ గుర్తుపట్టి, మీలో ఆవేశం ఉందని ఎర్రదీపం వెలిగిస్తుంది.

మొదటి ప్రయత్నంలోనే సున్నా తెచ్చుకున్న ఉద్యోగి శాఖ మొత్తం మీద ఒక్కరే తేలారు. ఆయన ఒక కాలేజీలో కెమిస్ట్రీ మాస్టారు. అసలు పేరు జీతాల సెక్షన్‌కు తెలుసేమో గానీ, మిగతా లోకానికి ఆయన తటస్థం మాస్టారు. ఆ పేరు ఊరికే రాలేదు. స్టాఫ్‌రూములో ఫ్యాను వేగంగా తిరగాలనేవాళ్లూ, నెమ్మదిగా తిరగాలనేవాళ్లూ రెండు వర్గాలుగా చీలిన రోజు నుంచి ఆయన వరండాలో కూర్చుంటున్నారు. ఇంట్లో కర్టెన్లకు ఏ రంగు తీసుకుందామని భార్య అడిగితే రెండూ బాగున్నాయన్నారు. ఆ ఇంటి ముందు గదిలో ఇప్పటికీ ఒక కిటికీకి నీలం, ఒక కిటికీకి పసుపు వేలాడుతున్నాయి. ఎవరితోనూ పేచీ లేని మనిషి కాబట్టి, ఏడాది చివర్లో ప్రిన్సిపాల్ మేడం రిటైరైతే ఆ కుర్చీ ఆయనదేనని అందరూ ఏనాడో ఒప్పేసుకున్నారు. మాస్టారు మాత్రం ఆ విషయంలో ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆయన జీవితంలో పట్టుబట్టి చేసిన పని ఒకే ఒక్కటి, లాబ్ గోడ మీది ఆవర్తన పట్టిక. బజార్లో దొరికే అచ్చు చార్టులు నచ్చక, గోడంత గుడ్డ మీద ఒక్కో గడీ చేత్తో గీసి, ఏ మూలకం అయాన్‌గా మారితే ఎంత ఆవేశమో ధనావేశం ఎర్రరంగులో, ఋణావేశం నీలంలో వేశారు. పైన పెద్ద అక్షరాలతో ‘మూలకాలు – వాటి ఆవేశాలు’ అని రాశారు. ఏళ్ల తరబడి పిల్లలు ఆ గోడ చూసే నేర్చుకున్నారు.

తనిఖీకి వచ్చిన డిప్యూటీ డైరెక్టరు కూడా ఆ గోడే చూశారు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. మెత్తగా నడిచి, మెత్తగా మాట్లాడి, టీ ఇస్తే కప్పు చప్పుడు కాకుండా సాసరులో పెట్టే మనిషి. చేతులు వెనక్కి కట్టుకుని పట్టిక ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క స్థాయి ఆవేశం, పైగా బాహాటంగా గోడ మీద. మాస్టారు ముందుకు వచ్చి, ఇది ఆ ఆవేశం కాదని, విద్యుదావేశమని మనవి చేశారు. కరెంటు కూడా ఉందా అని డిప్యూటీ సారు నొచ్చుకుని, భద్రతా లోపం అని విడిగా రాసుకున్నారు.

"ఇంతమందిలో ఆవేశం లేనివాళ్లు ఒక్కరూ లేరా మాస్టారూ?"

మాస్టారు పట్టికలో కుడి చివరి వరస చూపించారు. "వీళ్లున్నారు సార్. హీలియం, నియాన్, ఆర్గాన్. ఎవరికీ ఏమీ ఇవ్వరు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. సాధారణంగా ఎవరితోనూ కలవరు. జడవాయువులంటాం."

"జడం అనకండి. వీళ్లు మన శాఖకు ఆదర్శం," అన్నారు డిప్యూటీ సారు, ఆ వరస వైపు చేతులు జోడించి.

ఆ సాయంత్రమే ఆదర్శప్రాయులతో సహా అందరినీ లోపల ఉంచి లాబ్ తలుపుకు తాళం వేసి, తాళం మీద లక్కముద్ర కొట్టారు. ప్రాక్టికల్ పరీక్షలు నెలాఖరుకి ఉన్నాయి. పన్నెండో తరగతి పిల్లలు వరండాలో నిలబడి ఆ ముద్ర వంక చూశారు. వాళ్లలో ఒకమ్మాయికి లాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాలని పట్టుదల. ప్రాక్టికల్ మార్కులు లేకపోతే ఆ సీటు రాదు. క్లాసులో మాస్టారు ఏం చెప్పినా ముందు ‘ఎందుకు’ అని అడగడం ఆ పిల్లకు అలవాటు కావడంతో అందరూ ఎందుకమ్మాయి అనే పిలుస్తారు. ఎందుకు మూశారని అడిగింది. కనుక్కుంటానన్నారు మాస్టారు.

కనుక్కోవడానికి ప్రధాన కార్యాలయానికి వెళ్లారు. వచ్చినవాళ్ల మనసు నిమ్మళించాలని అక్కడ వేచి ఉండే హాల్లో పెద్ద తెర పెట్టి, దాని మీద పొద్దస్తమానం జలపాతం చూపిస్తున్నారు, చప్పుడుతో సహా. గంటసేపు ఆ నీళ్ల చప్పుడు విన్నవాడికి కలిగే ఇబ్బంది వేరు. బాత్రూముకు తాళం ఉంది. తాళంచెవి సెలవుల సెక్షన్ గుమాస్తా దగ్గర ఉంది. ఆయన సెలవులో ఉన్నాడు. (ఆ సెలవు ఎలా దొరికిందో ఎవరికీ తెలియదు.) హాల్లో ఉన్నవాళ్లందరూ కాళ్లు దగ్గరగా పెట్టుకుని, యాప్‌లో సున్నా తెచ్చుకోవడానికి తంటాలు పడుతున్నారు. మాస్టారికి పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

విచారణ సోడియంతో మొదలైంది. దాని గడిలో ప్లస్ ఒకటి అని ఉంది కాబట్టి ఏదో అదనంగా పోగేసుకుందని డిప్యూటీ సారు అభిప్రాయపడ్డారు. పోగేసుకోలేదని, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుందని మాస్టారు చెప్పారు. పోగొట్టుకుంటే మైనస్ రావాలి కదా అన్నారు సారు. పోయినదే మైనస్ అని, మైనస్ పోతే మిగిలేది ప్లస్ అని మాస్టారు ఓపిగ్గా విడమరిచారు. సారు కాసేపు కళ్లు మూసుకుని లెక్క వేసుకున్నారు.

"అంటే ఇచ్చినవాడిది ధనం, పుచ్చుకున్నవాడిది ఋణం. అంతేనా?"

"అంతే సార్."

"మన శాఖలో అలా జరగదు మాస్టారూ," అన్నారాయన. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే బాధపడ్డారు.

ఆ ఎలక్ట్రాన్ ఎక్కడికి పోయిందన్న ప్రశ్న దగ్గర మాస్టారు చిన్న పొరపాటు చేశారు. క్లోరిన్‌కు బదిలీ అయిందన్నారు. సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. శాఖలో బదిలీల మీద నిషేధం ఉంది. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్న బదిలీ అయినా పై సంతకం లేకుండా కుదరదు. పైగా వీళ్లందరినీ గ్రూపులుగా ఎవరు విడగొట్టారని, శాఖలో గ్రూపులు కట్టడం మీద పోయిన ఏడాదే ఉత్తర్వు వచ్చిందని గుర్తు చేశారు. ఇనుము గడిలో రెండు, మూడు అని రెండంకెలు ఎందుకున్నాయని అడిగితే, ఎవరితో కలిసిందన్నదాన్ని బట్టి మారుతుందని మాస్టారు చెప్పారు. నిలకడ లేని మనిషి అని సారు రాసుకున్నారు. హైడ్రోజన్ ఎక్కువగా ప్లస్, అప్పుడప్పుడు మైనస్ అని తెలిశాక ఆయన ఇంకేమీ రాసుకోలేక కలం మూసేశారు.

కాసిన్ని నీళ్లు తాగి, ఇంతకీ పిల్లలు ఆ లాబ్‌లో ఏం పరీక్ష రాస్తారని అడిగారు.

"ఉప్పు ఇస్తాం సార్. అందులో ఏ రాడికల్స్ ఉన్నాయో కనిపెట్టాలి."

రాడికల్స్ అంటే సారుకు తెలిసినవాళ్లు తీవ్రవాదులే.

"పిల్లలా?"

"అవును సార్. అందరూ కనిపెట్టేస్తారు."

"మంచిదే. పోలీసులకొక కాపీ పంపమనండి," అన్నారు సారు.

మాస్టారు ఆ పూట ఎదురు తిరిగి ఉంటే ఈ కథ ఇక్కడితో తేలిపోయేది. కానీ తటస్థం మాస్టారు ఎదురు తిరగరు. మధ్యేమార్గం వెతుకుతారు. ఆవేశం అన్న మాటతోనే ఇబ్బంది అయితే దాన్ని తీసేసి ‘చార్జ్’ అని రాస్తానన్నారు, ఎలాగూ పుస్తకాల్లో అదీ వాడతారు కదా అని. డిప్యూటీ సారు ముఖం విప్పారింది. ఇంత సహకరించే మనిషిని తాను చూడలేదని, ప్రిన్సిపాల్ పోస్టుకు తాను స్వయంగా సిఫారసు చేస్తానని చెప్పి గుమ్మం దాకా సాగనంపారు. మర్నాడు ప్రధాన కార్యాలయం ప్యూను వచ్చి లక్కముద్ర తీసి, పక్కన నిలబడి కాపలా కాస్తుంటే, మాస్టారు నిచ్చెన ఎక్కి ఆవేశం అన్న చోటల్లా తెల్లకాగితం అంటించి చార్జ్ అని రాశారు. రాయడం అయిపోగానే ప్యూను మళ్లీ ముద్ర వేశాడు. తీసే ఉత్తర్వు రాయడానికి మాత్రమేనట.

దిద్దిన పట్టిక నకలు ప్రధాన కార్యాలయానికి చేరింది. తపాలా చూసే ఉద్యోగి దాని మీద ‘చార్జ్’ అన్న మాట చూసి, పద్ధతి ప్రకారం, దాన్ని క్రమశిక్షణ విభాగానికి పంపేశాడు. అక్కడివాళ్లకు చార్జ్ అంటే అభియోగం అనే తెలుసు. నూట చిల్లర మంది మీద అభియోగాలు ఒకే కాగితం మీద రావడం ఆ విభాగం చరిత్రలో లేదు. ఏళ్లుగా పనిలేక కునుకు తీస్తున్న సెక్షన్ ఒక్కసారిగా లేచి కూర్చుంది.

ముందుగా అల్యూమినియం పట్టుబడింది. మూడేసి చార్జీలు పెండింగులో ఉన్న వ్యక్తిని ఇన్నాళ్లూ విధుల్లో ఎలా ఉంచారని తాఖీదు వచ్చింది. వ్యక్తి కాదని, కిటికీ చట్రాలని ప్రిన్సిపాల్ మేడం జవాబు రాశారు. అయితే చట్రాలను విధుల నుంచి తప్పించండని జవాబుకు జవాబు వచ్చింది. ఒక మధ్యాహ్నం మనుషులొచ్చి కిటికీలు ఊడదీసి తీసుకుపోయారు. తర్వాత కాల్షియం, రెండు చార్జీలు. దాంతో సుద్దముక్కలు ఆగిపోయాయి. లెక్కల మేడం గాలిలో వేలితో లెక్కలు చేసి చూపించడం మొదలుపెట్టారు. (ఉత్తీర్ణత శాతం మారలేదు.) ఆపైన సోడియం మీద చార్జి ఒకటే అయినా, ఋణం ఉన్న క్లోరిన్‌తో కలిసి తిరుగుతోందన్న కారణంగా క్యాంటీన్ బల్లల మీంచి ఉప్పు సీసాలు మాయమయ్యాయి. మాంగనీసు మీద ఏడు దాకా చార్జీలు ఉండవచ్చని తెలిసి, ఆచూకీ చెప్పినవారికి ప్రశంసాపత్రం ఇస్తామని నోటీసు బోర్డులో పెట్టారు.

ఏ చార్జీ లేనివాళ్లూ కొందరున్నారని క్రమశిక్షణ విభాగమూ గమనించింది. రికార్డు అంత స్వచ్ఛంగా ఉన్న అభ్యర్థులు శాఖలో మరెవరూ లేకపోవడంతో, ఖాళీగా ఉన్న జిల్లా అధికారి పోస్టుకు వాళ్లలో మొదటివాడైన హీలియంను ఇన్‌చార్జిగా వేశారు. చార్జి లేనివాడు ఇన్‌చార్జి ఎలా అవుతాడన్న సందేహం ఎవరికీ రాలేదు. ఆ గదిలో కుర్చీ చేతికి దారం కట్టి, దారానికి హీలియం నింపిన బెలూను ఒకటి కట్టారు. ఫైళ్లు ఎప్పటిలాగే కదిలాయి.

పరీక్ష ఇక రెండు రోజులుందనగా చివరి ఉత్తర్వు వచ్చింది. మూలకాలన్నిటి చార్జి, అవి ఏ రూపంలో ఉన్నా, సున్నా అని సబ్జెక్టు టీచరు సంతకం పెట్టి ధ్రువీకరిస్తే లాబ్ తెరుస్తారు. పరీక్ష జవాబుల్ని కూడా ఆ సున్నా ప్రకారమే దిద్దుతారు. సంతకం పెట్టకపోతే లాబ్ తెరవరు, పిల్లలందరికీ ప్రాక్టికల్స్‌లో సున్నా వేస్తారు. సున్నా అంటే తటస్థం కనుక అది అవమానం కాదని ఉత్తర్వు కింద ఒక వాక్యం కలిపారు.

మాస్టారు ఆ కాగితం ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టారు. భార్య ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాగితం చదివి పక్కన పెట్టింది. ఏం చెయ్యమంటావని ఆయన అడగలేదు. సంతకం పెడితే ఒక రకం, పెట్టకపోతే ఒక రకం, రెండింటిలోనూ కొంత న్యాయం ఉందని మాత్రం అన్నారు. ఆమె వార్డులో సంగతి చెప్పింది. మొన్న ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారట. కన్నకూతురు చెయ్యి పట్టుకుంటే ఎవరమ్మా నువ్వని అడిగాడట. రక్తం పరీక్ష చేస్తే సోడియం బాగా పడిపోయి ఉంది. మెల్లగా సెలైన్ ఎక్కించుకుంటూ వచ్చారు. ఇవాళ కూతుర్ని పేరు పెట్టి పిలిచాడట.

"ఆ రిపోర్టు తీసిన లాబ్ టెక్నీషియన్ చిన్నపిల్ల. మీలాంటి మాస్టారి దగ్గరే చదువుకుని ఉంటుంది," అంది.

మాస్టారు తల ఊపారు. ఆ ఊపులో ఔనూ లేదు, కాదూ లేదు. దాంతో ఆమెకు ఇన్నేళ్ల విసుగూ ఒక్కసారి పైకి వచ్చింది.

"మీకు కోపం రాదని అందరూ మెచ్చుకుంటారండీ. పెళ్లైన కొత్తలో నేనూ మెచ్చుకున్నాను. మీరు ఎవరికీ ఏమీ ఇవ్వరు, అందుకని రాదు. మాట కూడా ఇవ్వరు. ఆ కిటికీలు చూస్తే నాకు ఏడుపొస్తుంది."

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. మాస్టారు నీలం కర్టెన్ వంకా పసుపు కర్టెన్ వంకా చూస్తూ కూర్చున్నారు. చాలా అవమానంగా అనిపించింది. అది అబద్ధమని చెప్పుకోవడానికి ఒక్క ఉదాహరణ కూడా దొరక్కపోవడం ఇంకా అవమానంగా ఉంది.

మర్నాడు వరండాలో ఎందుకమ్మాయి ఎదురుచూస్తోంది. ఉత్తర్వు సంగతి పిల్లలకు ముందే తెలిసిపోయింది. ఆ పిల్ల చేతిలో పెన్ను ఉంది, మూత కూడా తీసి పెట్టుకుంది.

"సున్నా అని సంతకం పెట్టెయ్యండి మాస్టారూ. మేమూ సున్నా అనే రాస్తాం. మార్కులొస్తే చాలు."

మాస్టారు ఆ పెన్ను వంక చూశారు. క్లాసులో తాను నీళ్లు తాగినా ఎందుకని అడిగే పిల్ల. "ఎందుకని అడగవా?"

"మీరెప్పుడూ అడగలేదుగా మాస్టారూ," అంది ఆ పిల్ల, చాలా మర్యాదగా.

అందులో దెప్పిపొడుపు లేదు. తన దగ్గర నేర్చుకున్న పాఠం తనకు అప్పజెప్పింది, అంతే. మాస్టారికి చెవులు వేడెక్కాయి. జేబులో ఫోన్ సన్నగా వణికింది. ఏదో జబ్బు చేస్తోందనుకున్నారు. ఇన్నేళ్లుగా రాని వస్తువు కావడంతో ఆయన దాన్ని గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. పెన్ను తీసుకుని మూత పెట్టి తిరిగి ఆ పిల్ల చేతికిచ్చి, రేపు లాబ్ కోటు వేసుకుని రమ్మన్నారు.

పరీక్ష రోజు పొద్దున ప్రిన్సిపాల్ మేడం గదికి వెళ్లి, తాళంచెవి అడిగి తీసుకున్నారు. ముద్ర పగలగొడితే ఆ కుర్చీ ఇక రాదని మేడం గుర్తు చేశారు. గుర్తుందని ఆయన అన్నారు. ఆయన ఒక విషయంలో స్పష్టంగా జవాబు చెప్పడం మొదటిసారి వినడం వల్ల మేడం కళ్లద్దాలు సర్దుకుని ఆయన్ని మళ్లీ చూశారు. పక్కనున్న ఫిజిక్స్ లాబ్ నుంచి పట్టకారు తెచ్చి లక్కముద్ర నొక్కితే అది రెండు ముక్కలై రాలింది. ఆ క్షణమే జేబులో ‘ప్రశాంతం’ యాప్ ఎర్రబడి, దయచేసి ప్రశాంతంగా ఉండండి అని కాలేజీ అంతా వినపడేలా అరవడం మొదలుపెట్టింది. ఎన్ని బటన్లు నొక్కినా ఆగలేదు. మాస్టారు ఫోన్‌ను బల్ల మీద పెట్టి, దాని మీద పెద్ద గాజు జాడీ బోర్లించారు. లోపల అది ఇంకా అరుస్తూనే ఉంది గానీ దూరంగా ఎవరో అరుస్తున్నట్టు వినిపించింది.

బయటి నుంచి రావలసిన ఎగ్జామినరు సరిగ్గా సమయానికి వచ్చాడు. లాబ్ మూసేశారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన్ని పంపే సెక్షన్‌కూ, లాబులు మూసే సెక్షన్‌కూ మాటల్లేవు. మార్కులు ఎక్కించే యాప్ వేరు. దానికి అంకె కావాలి తప్ప తలుపు సంగతి అక్కర్లేదు. శాఖలో సెక్షన్లు ఒకరితో ఒకరు కలవకపోవడం వల్ల ప్రజలకు మేలు జరిగిన సందర్భాల్లో ఇదొకటి.

ఎందుకమ్మాయి చీటీ తీస్తే తెల్లటి పొడి వచ్చింది. తీగ కొసను ఆమ్లంలో ముంచి, పొడి అద్ది, బర్నర్ మంటలో పెడితే మంట బంగారు పసుపుకు తిరిగింది. నీళ్లలో కరిగించి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే తెల్లగా పెరుగులా విరిగింది. ఆ పిల్ల పేపరు మీద సోడియం అని రాసి, కాసేపు ఆగింది. తల ఎత్తి మాస్టారి వంక చూసింది. ఆయన ఏమీ సాయం చెయ్యలేదు గానీ, నిచ్చెన తెచ్చుకుని, గోడ మీద తాను అంటించిన తెల్లకాగితాలు ఒక్కొక్కటే ఊడబీకుతున్నారు. కింద ఆవేశం అన్న మాట చెక్కుచెదరలేదు. ఆ పిల్ల తన పేపరు మీద ప్లస్ ఒకటి వేసి, కింద ఎందుకో కూడా రాసింది. అది చూసి మాస్టారు చేతిలోని కాగితాలన్నీ కిందికి జారవిడిచారు. సంతోషం కూడా అలవాటు లేని వస్తువే.

వారం తిరక్కుండా డిప్యూటీ సారు స్వయంగా వచ్చారు. ఇలాంటి మనిషి ఇలా చేస్తాడనుకోలేదని ఆయన నిజంగానే కుమిలిపోయారు. ప్రిన్సిపాల్ కుర్చీని జిల్లా ఇన్‌చార్జి హీలియంకు అదనపు బాధ్యతగా అప్పగించామని, దారం పొడవు పెంచితే రెండు చోట్లా సరిపోతుందని చెప్పారు. ఆపైన మాస్టారి చేతికి చార్జి మెమో ఇచ్చి, నకలు మీద సంతకం చెయ్యమన్నారు. అనుమతి లేకుండా తలుపు తెరిచినందుకు అభియోగం. కింద గడిలో ‘చార్జీల సంఖ్య: 1’ అని ఉంది.

మాస్టారు దాన్ని జాగ్రత్తగా చదివారు.

"ఒక గుర్తు మర్చిపోయారు సార్," అన్నారు.

జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఒకటికి ముందు ప్లస్ పెట్టి, సంతకం చేసి తిరిగి ఇచ్చేశారు. ఆ రోజు ఇంటికి వెళ్తూ దారిలో ఒక నీలం కర్టెన్ కొన్నారు.

అధికారిక పత్రాన్ని అనుమతి లేకుండా దిద్దినందుకు రెండో మెమో తర్వాతి వారం వచ్చింది. ప్రస్తుతం ఆయన హోదా రెండు చార్జీల మెగ్నీషియంతో సమానం. విభాగం అంచనా ప్రకారం ఇంకొక్క నిజం చెబితే అల్యూమినియం అవుతారు.